మన ఊరి పేరున్న రైలుపెట్టె



రైలుపెట్టె రంగు ఏమిటి అని ఈరోజు మీ ఇంట్లో అందరినీ ఒకసారి అడిగి చూడండి. తాతయ్య "ముదురు ఎరుపు, ఎండిన ఇటుక రంగు" అంటారు. నాన్న "నీలం" అంటారు. అక్క "ఎరుపూ, బూడిదరంగూ" అంటుంది. మొన్ననే విశాఖపట్నం నుంచి బండి దిగిన పిన్ని "తెలుపు" అంటుంది. అప్పుడు మీరు ఎవరి మాట నమ్ముతారు? నలుగురి మాటా నమ్మవచ్చు. ఎందువల్లనంటే నలుగురూ చూసినదే చెప్పారు.

మద్రాసులోని పెరంబూరులో ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీని 1955 అక్టోబరు 2 వ తేదీన నెహ్రూగారు ప్రారంభించారు. అక్కడ తయారై దేశమంతా తిరిగిన పెట్టెలు చాలా ఏళ్ళపాటు ముదురు ఎరుపులోనే ఉండేవి. తాతయ్య చూసినవి అవే. 1990 లలో నీలం రంగు వచ్చింది. ఊరికే ముచ్చటపడి మార్చలేదు. పాత పెట్టెలకు ఉండినది వాక్యూం బ్రేకు. అంటే గొట్టంలోని గాలిని తోడివేయడం మీద నడిచే బ్రేకు. కొత్త పెట్టెలకు వచ్చినది ఎయిర్ బ్రేకు. అది ఒత్తిపెట్టిన గాలితో పనిచేస్తుంది. ఈ రెండు రకాల పెట్టెలనూ ఒకే బండికి తగిలించి నడపడం కుదరదు. కొత్త బ్రేకు ఉన్న పెట్టె ఏదో దూరం నుంచే తెలియడానికి ఆ నీలం రంగు పనికివచ్చింది. ఆ తరవాత జర్మనీవారి నమూనాను చూసి తయారుచేసిన పొడుగు పెట్టెలు ఎరుపూ బూడిదరంగులతో వచ్చినవి. 2019 ఫిబ్రవరిలో మొదలైన వందే భారత్ బండికి తెలుపు మీద నీలం చార వేశారు. 2023 లో అదే బండి కాషాయ రంగులో కూడా బయలుదేరింది.

చూశారా? రైలుపెట్టె మీద రంగు అంటే అలంకారం ఒక్కటే కాదు. అది ఒక కబురు. చూడడం నేర్చినవాడికి ఆ కబురు వినిపిస్తుంది.

నేను ముప్పయి ఏళ్ళకు పైగా బడిలో పాఠాలు చెప్పి, ప్రధానోపాధ్యాయుడిగా 2018 లో పదవీ విరమణ చేశాను. ఇప్పుడు నా తీరిక వేళల్లో చాలా భాగం చిన్న చిన్న రైలుపెట్టెలు చేసి, వాటికి రంగులు వేసి, అక్షరాలు అంటించడంలో గడుస్తుంది. "ఈ వయసులో బొమ్మలాట ఏమిటండీ?" అని నవ్వేవాళ్ళు ఉన్నారు. నవ్వనివ్వండి. ఈ ఆటలో లెక్కలున్నవి, విజ్ఞానశాస్త్రం ఉన్నది, చిత్రలేఖనం ఉన్నది, తెలుగు కూడా ఉన్నది. అది ఎలాగో చెబుతాను.

మొదట లెక్కలు. నిజమైన వస్తువును అన్ని కొలతలలోనూ ఒకే నిష్పత్తిలో తగ్గించి చేసినదే నమూనా. అమెరికాలోనూ, ఐరోపాలోనూ ఈ సరదా ఉన్నవారు ఎక్కువగా 87 వ వంతు కొలతలో చేస్తారు. అక్కడి పట్టాల మధ్య దూరం 143.5 సెంటీమీటర్లు. దానిని 87 తో భాగిస్తే సుమారు 16.5 మిల్లీమీటర్లు వస్తుంది. అంగళ్ళలో అమ్మే బొమ్మ పట్టాల వెడల్పు అంతే. మన దేశంలో బ్రాడ్ గేజి 167.6 సెంటీమీటర్లు. దానిని 87 తో భాగించి చూడండి. 19 మిల్లీమీటర్లు దాటుతుంది! కనక మన పెట్టెను అదే లెక్కకు తగ్గించి ఆ పట్టాల మీద నిలబెడితే, పెద్ద మనిషి ఇరుకు చెప్పులు తొడుక్కున్నట్టు ఉంటుంది.

మీకు పట్టాల బాధ వద్దు. మీరు నూరవ వంతు కొలత పెట్టుకోండి. అప్పుడు ఒక మీటరు ఒక సెంటీమీటరు అవుతుంది, భాగహారం అక్కరలేదు. పెరంబూరు నమూనా పెట్టె పొడుగు సుమారు 21.3 మీటర్లు, మీది 21.3 సెంటీమీటర్లు. వెడల్పు సుమారు 3.2 మీటర్లు, మీది 3.2 సెంటీమీటర్లు. పట్టా మీది నుంచి పైకప్పు దాకా ఎత్తు సుమారు 4 మీటర్లు. మీది 4 సెంటీమీటర్లు. చక్రం అడ్డుకొలత 91.5 సెంటీమీటర్లు, మీకు 9 మిల్లీమీటర్లు చాలు. అంటే ఇంచుమించు చొక్కా బొత్తామంత. కొత్త చొక్కాలు మడతపెట్టి ఇచ్చే అట్ట, పాత బొత్తాలు, జిగురు, కత్తెర, స్కేలు ఉంటే పెట్టె తయారవుతుంది. దీనిని గురించి ఇంతకంటే చెప్పను. అసలు సరదా ఆ తరవాత ఉన్నది.

ఇక రంగు. అట్ట మీద రంగు వేసేముందు పలచని వార్నీషు ఒక పూత వేసి ఆరనివ్వాలి. లేకపోతే అట్ట తడి పీల్చి ఉబ్బుతుంది. రంగు ఎప్పుడూ పలచగా రెండు మూడు పూతలు వేయాలి. ఒకేసారి దట్టంగా వేస్తే కిటికీల అంచులు పూడిపోతాయి. లేత రంగు ముందు, ముదురు రంగు తరవాత. నీలం పెట్టెను గమనించారా? కిటికీల వరసలో లేత నీలం పట్టీ, దానికి పైనా కిందా ముదురు నీలం. కనక ముందు లేత నీలం వేసి, ఆరినాక, పట్టీ ఉండవలసిన చోట మాస్కింగ్ టేపు అంటించి, తరవాత ముదురు నీలం వేయాలి.

ఇక్కడ ఒక చిట్కా ఉన్నది. టేపు ఎంత గట్టిగా నొక్కినా దాని అంచు కిందికి రంగు కొంచెం పాకుతుంది. గీత వంకర టింకరగా వస్తుంది. దీనికి ఉపాయం ఏమిటంటే, టేపు అంటించాక దాని అంచు మీద మళ్ళీ లేత నీలమే ఒక పూత వేయాలి. పాకేదేదో ఆ లేత నీలమే పాకుతుంది. లేత నీలం మీదికి లేత నీలం పాకితే ఎవరికి తెలుస్తుంది? సందులు అలా మూసుకుపోయాక ముదురు నీలం వేస్తే, ఇక అది లోపలికి పోలేదు. టేపు తీసినప్పుడు గీత కత్తితో కోసినట్టు వస్తుంది.

ఇంకొక సంగతి. నిజమైన పెట్టె మీద ఉన్న రంగునే తెచ్చి చిన్న పెట్టెకు వేస్తే అది మరీ ముదురుగా కనిపిస్తుంది. దగ్గరి చెట్టు పచ్చగా, దూరపు కొండ పాలిపోయి కనిపించడం మీరు చూసే ఉంటారు. మధ్యనున్న గాలి వెలుతురును చెదరగొట్టడమే దానికి కారణం. చిన్న పెట్టె మన కంటికి దూరంగా ఉన్న పెద్ద పెట్టెలాగా అనిపించాలి గదా! అందుచేత రంగులో ఒకటి రెండు చుక్కలు తెలుపు కలపాలి.

పెట్టెకు రంగు పడింది. ఇప్పుడు అక్షరాలు రాయాలి. కుంచెతో అంత చిన్న అక్షరాలు రాయడం పెద్దవాళ్ళకే కష్టం. దానికి డెకాల్ అనే సాధనం ఉన్నది. మీ తాతయ్యనో, అమ్మమ్మనో అడగండి. వారి చిన్నప్పుడు నీళ్ళలో తడిపి పుస్తకాల అట్టల మీద అంటించుకునే బొమ్మలు ఉండేవి. అది ఇదే. అచ్చువేసిన కాగితం మీది నుంచి పింగాణీ మీదికి బొమ్మను దించే పని 1750 ల నాటికే ఇంగ్లండులో జరిగేది. డెకాల్ అన్న మాట మాత్రం ఫ్రెంచివారిది.

ఈ కాగితంలో మూడు పొరలు ఉంటాయి. అడుగున మందపు కాగితం. దాని మీద పిండిపదార్థం నుంచి తీసిన డెక్స్ట్రిన్ అనే జిగురు. ఆ పైన ఉల్లిపొర వంటి పలచని పొర. మనం అచ్చువేసేది ఈ పై పొర మీద. నీళ్ళలో వేస్తే జిగురు కరుగుతుంది. పై పొర కరగదు. కాబట్టి అది కాగితం మీది నుంచి మెల్లగా జారుతుంది. ఉన్న విద్య అంతా ఇదే.

ఈ కాగితం పట్నాలలో నమూనాల సామాను అమ్మేచోట దొరుకుతుంది, ఆన్‌లైనులోనూ తెప్పించుకోవచ్చు. అక్షరాలు ముందే అచ్చువేసి ఉన్న కాగితాలు కూడా అమ్ముతారు. కాని అవి చాలావరకు పరాయి దేశాల రైళ్ళ పేర్లు. మన రైలుపెట్టె మీద ఉండే తెలుగు అక్షరాలు వాటిలో ఎక్కడ దొరుకుతాయి? మనవి మనమే తయారుచేసుకోవాలి. ఈ విషయంలో నాకు దారి చూపినది పుస్తకం కాదు, ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి.

అది 2016. మా బడిలో శనివారం మధ్యాహ్నం చేతిపని గంట ఉండేది. ఆ సంవత్సరం పిల్లలచేత రైలుపెట్టెలు చేయిస్తున్నాను. ఆ అమ్మాయి ఊరు మా ఊరికి ఆరు కిలోమీటర్లు. అక్కడ చిన్న హాల్టు ఉన్నది. రోజూ పొద్దుటి పాసింజరులో బడికి వచ్చేది. దసరా సెలవుల తరవాత ఆ బండి ఆ హాల్టులో ఆగడం మానేసింది. అప్పటినుంచి చెరువుగట్టు మీదుగా నడిచి, మొదటి గంట సగం అయినాక, చెమటలు కక్కుతూ వచ్చేది. "ఆడపిల్లను ఇంత దూరం నడిపించడం ఎందుకు, సంక్రాంతికి మానిపిస్తాను" అని వాళ్ళ నాన్న అన్నాడని తోటి పిల్లలు నాతో చెప్పారు.

అందరూ నీలం పెట్టెలు చేస్తుంటే ఈ అమ్మాయి కాగితం మీద వేరే రంగులు వేసి తెచ్చింది. కిటికీల కింద గోధుమరంగు, కిటికీల వరస పసుపు, పైకప్పు తెలుపు. పసుపు మీద నల్లటి తెలుగు అక్షరాలతో వాళ్ళ ఊరి పేరు.

"ఏమమ్మా, ఇటువంటి బండి ఎక్కడైనా ఉన్నదా?" అని అడిగాను.

"లేదండి. నాదే. కింద గోధుమరంగయితే బురద చిందినా కనపడదండి. పసుపయితే మంచులో కూడా దూరం నుంచి కనపడుద్దండి, మా నాయనమ్మకి చూపు ఆనదు. పైన తెలుపయితే ఎండకి లోపల ఉడికిపోరండి."

ప్రతి రంగుకూ ఒక కారణం! రైలు స్టేషన్లలో ఊరి పేర్లు పసుపు బోర్డు మీద నల్ల అక్షరాలతో ఎందుకు రాస్తారో నేను తరగతిలో ఇంకా చెప్పనేలేదు. ఆ జోడీ దూరానికి బాగా ఆనుతుంది. ఆ అమ్మాయి తనంతట తానే పట్టుకున్నది.

"మరి నిజం పెట్టెల మీద బండి బయలుదేరే ఊరూ, చేరే ఊరూ రాస్తారు గాని, మధ్యలో హాల్టు పేరు రాయరు గదమ్మా?" అన్నాను.

"నిజం బండి మా ఊళ్ళో ఆగదు గదండీ, మాస్టారూ. ఇది ఆగుద్ది. ఆగే బండి మీద ఊరి పేరు ఉండొద్దాండీ?"

నేను మారు మాట్లాడలేదు. ఆ పేరును డెకాల్‌గా చేయడానికి ఇద్దరమూ కూర్చున్నాం. అప్పుడు తెలిసిన సంగతులు మీకూ పనికివస్తాయి, వినండి.

మొదటి సంగతి, కంప్యూటరు ప్రింటరులో తెల్ల సిరా ఉండదు. మామూలు కాగితం తెల్లగా ఉంటుంది గనక ఆ లోటు మనకు తెలియదు. నీలం పెట్టె మీద తెల్ల అక్షరాలు కావాలంటే తెల్ల డెకాల్ కాగితం తెచ్చి, అక్షరం చుట్టూ నీలం అచ్చువేసి, అక్షరాన్ని ఖాళీగా వదలాలి. ఆ నీలమూ, పెట్టె నీలమూ కలవడం చాలా కష్టం. పసుపు మీద నలుపుకు ఈ చిక్కు లేదు. వెనక ఉన్నది కనిపించే కాగితం మీద నల్లగా అచ్చువేస్తే సరిపోతుంది. ప్రింటరు లేనివాళ్ళు చెరగని నల్ల స్కెచ్‌పెన్నుతో చేత్తోనే రాయవచ్చు.

రెండవ సంగతి, మన లిపి. పెట్టె మీద 15 సెంటీమీటర్ల అక్షరం నూరవ వంతుకు తగ్గితే ఒకటిన్నర మిల్లీమీటర్లు అవుతుంది. అంత చిన్నదైతే ఇంగ్లీషు అక్షరం ఎలాగో నిలబడుతుంది. తెలుగు అక్షరానికి పైన తలకట్టు, కింద ఒత్తు ఉంటాయి. పై భాగం మూసుకుపోయి ప, వ లు ఒకటైపోతాయి. ఒత్తు మచ్చలాగా మారుతుంది. ఆ అమ్మాయి ఊరి పేరు నాలుగు అక్షరాలు, అందులో ఒక ఒత్తు ఉన్నది. అందుచేత కొలత ప్రకారం కాకపోయినా అక్షరాన్ని నాలుగు మిల్లీమీటర్లకు పెంచాం. చదవడానికి వీలులేని పేరు ఎంత కొలతగా ఉన్నా ఏం ప్రయోజనం?

మూడవ సంగతి, ఇంక్‌జెట్ ప్రింటరు సిరా నీళ్ళలో కరుగుతుంది. కనక అచ్చు పూర్తిగా ఆరాక దాని మీద వార్నీషు పలచగా రెండు మూడు సార్లు చల్లాలి. ఈ పని పెద్దవాళ్ళు చేయాలి, అదీ ఆరుబయట. ఆ ఆవిరి పీల్చకూడదు. లేజరు ప్రింటరు పొడి నీళ్ళకు కరగదు.

తరవాత పేరు చుట్టూ దగ్గరగా కత్తిరించి, గోరువెచ్చని నీళ్ళలో అర నిమిషం ఉంచి, తీసి ఒక నిమిషం ఆగాలి. వేలితో తాకితే కదులుతుంది. అప్పుడు పెట్టె మీద తడి చేసి, కాగితాన్ని ఆ చోట ఆనించి, పొరను కుంచెతో పెట్టె మీదికి జరపాలి. సరిగా కుదిరాక, గుడ్డతో మధ్యనుంచి అంచులకు నీళ్ళు అద్దాలి.

ఇక్కడ చాలామందికి ఒక చిక్కు వస్తుంది. ఆరినాక పొర కింద వెండిలాగా తెల్లని మెరపు కనపడుతుంది. ఎందుకు? రంగు వేసిన తలం గరుకుగా ఉంటే ఆ గుంటలలో గాలి చిక్కుకుంటుంది. వెలుతురు ఆ గాలి బుడగలకు తగిలి అన్ని వైపులకూ చెదురుతుంది. సబ్బునీళ్ళకు రంగు లేకపోయినా నురుగు తెల్లగా ఉంటుంది గదా, అదే కారణం. కనక డెకాల్ అంటించబోయే చోట ముందుగా నిగనిగలాడే వార్నీషు వేసి నున్నగా చేసుకోవాలి. అప్పుడు గాలికి చోటుండదు. అంతా అయ్యాక మెరుపు లేని వార్నీషు ఒక పూత వేస్తే పొర అంచు కూడా కనపడదు. అక్షరం పెట్టె మీదే రాసినట్టు ఉంటుంది.

పేరు పక్కన ఆ అమ్మాయి ఒక సంఖ్య కూడా వేసింది: 03417. పెరంబూరు నమూనా పెట్టెల మీద ఐదు అంకెల సంఖ్య ఉంటుంది. మొదటి రెండు అంకెలూ పెట్టె తయారైన సంవత్సరం. తక్కిన మూడూ పెట్టె ఏ రకానిదో చెబుతాయి: 201 నుంచి 400 దాకా అయితే స్లీపరు, 401 నుంచి 600 దాకా అయితే టిక్కెట్టు కొని ఎవరైనా ఎక్కగల జనరల్ పెట్టె. ఆ అమ్మాయి పుట్టినది 2003 లో. మిగిలిన మూడంకెలకు జనరల్ పెట్టె సంఖ్య వేసుకున్నది.

ఫిబ్రవరిలో బడిలో వైజ్ఞానిక ప్రదర్శన పెట్టాం. సంక్రాంతికి మానిపిస్తానన్న నాన్న, సంవత్సరం చివరి దాకా చూద్దామని ఆగాడట. ఆ రోజు వచ్చాడు. అన్నీ చూస్తూ వచ్చి ఈ పెట్టె దగ్గర నిలబడ్డాడు. ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని ఊరి పేరు పైకి చదివాడు.

"ఎవరు రాశారండీ ఇది?"

"మీ అమ్మాయేనండీ."

"ఈ నంబరేంటండీ?"

సంఖ్య అర్థం చెప్పాను. ఆయన ఇంకేమీ అడగలేదు. చేతులు కండువాకు తుడుచుకుని, పెట్టెను రెండు చేతులతో ఎత్తి చూసి, ఉన్నచోటే జాగ్రత్తగా పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ సోమవారం ఆ అమ్మాయి ప్రార్థన గంటకు ముందే బడిలో ఉన్నది. నాన్న సైకిలు మీద దించి వెళ్ళాడు. తరవాత కూడా అలాగే, ఆయనకు పొలం పని ఉన్న రోజున పాలవ్యాను మీద, వచ్చేది. 2019 లో పదో తరగతి ప్యాసయింది. ఒక అట్ట పెట్టె ఇదంతా చేసిందని నేను అనను. ఆ తండ్రి మనసులో ఏమున్నదో నన్ను అడిగితే చెప్పలేను. ఆ హాల్టులో పొద్దుటి బండి మళ్ళీ ఆగలేదు. ఆ పసుపు పెట్టె మాత్రం బడి బీరువాలో ఉన్నది.

మరి మీరు మీ పెట్టె మొదలుపెట్టే ముందు ఒక పని చేయండి. ఈసారి స్టేషనుకు వెళ్ళినప్పుడు అమ్మనో నాన్ననో పక్కన ఉంచుకుని, ప్లాట్‌ఫారం మీద గీతకు ఇవతలే నిలబడి, ఒక పెట్టెను శ్రద్ధగా చూడండి. రంగు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతున్నది? ఏ అక్షరం ఎంత ఎత్తున ఉన్నది? సంఖ్యను బట్టి ఆ పెట్టె వయసెంత? ఇవన్నీ నోటు పుస్తకంలో రాసుకోండి. మొదటి పెట్టెను చూసినది చూసినట్టే చేయండి. రెండవ పెట్టెకు మీ ఇష్టం వచ్చిన రంగులు వేయండి, కాని ఎవరైనా "ఈ రంగెందుకు?" అని అడిగితే సమాధానం మీ దగ్గర ఉండాలి. పేరు మాత్రం తెలుగులో, చదివేటంత పెద్దగా రాయండి.

బండి మొత్తం చేసేవాళ్ళు చివరి పెట్టె వెనక గుణకారపు గుర్తు వేయడం మరిచిపోకండి. బండి స్టేషను దాటేటప్పుడు అక్కడి ఉద్యోగి ఆ గుర్తు కోసం చూస్తాడు. అది కనపడితే పెట్టెలన్నీ వచ్చినవని, దారిలో ఏదీ విడిపోలేదని అర్థం.